నాసావాళ్ళే చెప్పినారంట!

తిరుచానూరు టీ అంగడి బల్లమీద సాయంత్రం పూట కనిపించే నాసా మామ ఒక్క మనిషి కాదు, ఒక జాతి. రిటైరైన అయ్యవారు కావచ్చు, లాడ్జి గుమాస్తా కావచ్చు. రాగిచెంబులో నీళ్ళు మొదలు గుడిగంట మోత దాకా అన్నిటినీ నాసా పరీక్షించేసిందని ఆయన నమ్మకం. ఇన్ని పనుల మధ్య చంద్రుడి మీదికి పోవడానికి వాళ్ళకు తీరికెలా చిక్కిందో! రాకెట్లెగిరే శ్రీహరికోట ఇంత దగ్గరున్నా ఇస్రో మాట ఆయనకు ఆనదు. "యాడ చెప్పినారు మామా?" అని మేనల్లుడు అడిగితే, "పేపర్లో ఏసినారు గదరా, వాళ్ళకేం పనిలేదా?" అంటాడు. ఆ పేపరు తిప్పితే 'తాజా అధ్యయనంలో తేలింది' అని మాత్రమే ఉంటుంది. ఎవరి అధ్యయనమో, ఏ పత్రికలో ఏ ఏడు వచ్చిందో ఉండదు. మామ నేరంలో సగం వాటా ఆ రాసినవాళ్ళదే.

మామకు ప్రాణప్రదమైన వార్త ఒకటుంది: కంప్యూటర్లకు సంస్కృతమే తగిన భాషని నాసా తేల్చిందట. దీనికి మూలం లేకపోలేదు. నాసా ఏమ్స్ కేంద్రంలోని ఒక పరిశోధన సంస్థలో పనిచేసిన రిక్ బ్రిగ్స్ 1985లో 'ఏఐ మ్యాగజైన్'లో ఒక వ్యాసం రాశాడు. అది ఆయన వాదన, నాసా తీర్మానం కాదు. సంస్కృతంలో ప్రోగ్రాములు రాయమని ఆయన అనలేదు. వాక్యార్థాన్ని యంత్రానికి అందించడానికి ఆనాటి పరిశోధకులు అల్లుతున్న సెమాంటిక్ నెట్‌వర్కులకూ, మన వైయాకరణులు కర్త ఎవరు, కర్మ ఏది అని వాక్యాన్ని విప్పిచూపే పద్ధతికీ గట్టి పోలిక ఉందన్నాడు. పుకారు కన్నా ఈ అసలు సంగతే రుచికరం కాదూ? పైగా ఆ వ్యాకరణశాస్త్రాన్ని పాఠంగా చెప్పే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం పక్కనే తిరుపతిలో ఉంది. మూలాన్ని వదిలేసి, మామ తన ఇంటిపక్క గొప్పనే అమెరికాకు ధారపోశాడు.

ప్రతి వార్తకూ మూలం రాయమంటే, 'సామాన్య పాఠకుడికి ఈ మూలాలెందుకు, ఇంగ్లీషు వ్యాసం ఎవరు తెరుస్తారు' అని సంపాదకులు అడగవచ్చు. వెయ్యిమందిలో ఒక్కడు తెరిచినా చాలు, మిగతావాళ్ళకు వాడే చెబుతాడు. 'చోటు లేదు' అన్నది మరీ చిత్రం: పరిశోధకుడి పేరు, పత్రిక, సంవత్సరం కలిపి ఒక్క వరుస, ఆ పక్కన రాశిఫలాలకు పావుపేజీ! ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. మూలం ఇచ్చినంత మాత్రాన నిజం అయిపోదు. ఒప్పుకోవలసిందే. మామకు ఒక తమ్ముడున్నాడు, ఒక్కటీ చదవకుండా వ్యాసం కింద పది లింకులు అతికిస్తాడు. అయినా తమ్ముడే నయం. లింకు తెరిచి అతన్ని నిలదీయవచ్చు. మామను నిలదీయాలంటే అమెరికా పోవాలి.

బ్రిగ్స్ వ్యాసం ఎనిమిదే పేజీలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ ఊరి మామ ఈసారి నాసా పేరెత్తితే ముందు దాన్ని ఆయన చేతిలో పెట్టండి.