గుడారానికి దండ, గుడిసెకు గడ్డపార

అడవిలో ఒక రాత్రి గడపాలని ఉందా? వరంగల్ నుంచి రెండు గంటల ప్రయాణం. ములుగు దాటండి. పస్రా దగ్గర తాడ్వాయి దారి పట్టండి. ఏటూరునాగారం అభయారణ్యం ఎదురొస్తుంది. ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. 1950ల తొలినాళ్లలోనే అభయారణ్యమని ప్రకటించారు. అక్కడ మీకు గుడారం సిద్ధం. వాగు చప్పుడు సిద్ధం. చలిమంట సిద్ధం. మీ జేబు సిద్ధమేనా? అయితే ఇంకేం, మీరు ప్రకృతి ప్రేమికులు.

అదే అడవిలో, అలాంటి వాగు ఒడ్డునే, నాలుగు గుంజలు పాతి, పైన గడ్డి కప్పి, మూడు రాళ్ల మధ్య పొయ్యి రాజేశారనుకోండి. ఒక్క రాత్రికి కాదు, బతకడానికి. చేతిలో రసీదు లేదు. అప్పుడు మీరెవరు? ఆక్రమణదారు. మీ మీద కేసు. మీ గుడిసె మీదికి బండి.

అర్థమైందా? అడవికి చేటు చేసేది మనిషి కాదట. మనిషి దగ్గర పైసల్లేకపోవడమట.

ఏకాంత విడిది కోసం వచ్చే పట్నం బాబుల కోరికల చిట్టా చూడండి. కరెంటు ఉండొద్దు. ఫోన్ సిగ్నల్ అందొద్దు. చుట్టుపక్కల ఇల్లన్నది కనబడొద్దు. బండి ఎక్కడో ఆపి, సామాను భుజానేసుకుని నడిచి పోవాలి. అమెరికా స్టేట్ పార్కుల్లో దీన్ని వాక్-ఇన్ క్యాంపింగ్ అంటారు. మనోళ్లు అక్కడ చూసొచ్చి, ఇక్కడా అట్లాంటిదే కావాలంటున్నారు.

కొత్తగా కావాలా? ఉన్నదే కదా! ఈ అడవిలోని గుత్తికోయ ఆదివాసీల గూడేలకు పోండి. మీరడిగిన సౌకర్యాల్లో ఒక్కటీ తక్కువ కాదు. చాలాచోట్ల కరెంటు లేదు, చుక్కలు మస్తుగా కనిపిస్తాయి. నల్లా లేదు, చెలిమ నీళ్లు తాగొచ్చు. రోడ్డు లేదు, నడకే నడక. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచానికి కట్టి మోసుకుపోతారు, మోసే నలుగురికీ ఒంటికి మంచిది. ఇన్ని వసతులు వాళ్లు ఇరవై ఏళ్లుగా ఉచితంగా అనుభవిస్తున్నారు. సర్కారుకు కోపం రాదా మరి?

జలగలంచ పేరు విన్నారా? తాడ్వాయి మండలంలో ఉంది. 2017 సెప్టెంబరులో అటవీ సిబ్బంది అక్కడి గుత్తికోయల గుడిసెలు కూల్చారు. అడ్డుపడిన ఆడవాళ్లను చెట్లకు కట్టేసిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. చెట్లను కాపాడటమంటే చెట్లకు మనుషుల్ని కట్టడమని లోకానికి తెలిసింది అప్పుడే. సంగతి హైకోర్టుకెక్కింది. బలవంతంగా వెళ్లగొట్టొద్దని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు అదే జలగలంచ వాగు దగ్గర బ్లాక్‌బెర్రీ ఐలాండ్ వెలిసింది. పర్యాటకులకు రాత్రి బస. గుడారాలు. వాగు, ఇసుక, చెట్ల నీడ. కట్టింది ఎవరు? అటవీ శాఖే! పాపం, గుడిసె ఉంటే అడవి నాశనమైపోతుందని ఆ శాఖకే కదా బెంగ. గుడారమైతే ఏం కాదట. గుడిసె కింద పాడైన నేల, గుడారం కింద బాగుపడుతుందా? ఏ శాస్త్రం చెప్పింది సారూ? కొంచెం మాకూ నేర్పండి.

ఈ గుత్తికోయలేమైనా విహారయాత్రకొచ్చారా? ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు తుపాకీ, ఇంకోవైపు తుపాకీ. నడుమ ఇరుక్కున్నోళ్లు పిల్లల్ని ఎత్తుకుని గోదావరి దాటి వచ్చారు. అక్కడ ఉన్నంతకాలం ఎస్టీలు. ఇక్కడ కాలు పెట్టగానే ఎవరూ కారు. అటవీ హక్కుల చట్టం చూద్దామంటే, 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి చేతిలో ఉండాలంటుంది. ప్రాణభయంతో పరుగెత్తేటోడు క్యాలెండర్ చూసుకుని పరుగెత్తలేదు, తప్పే. 2023లో రాష్ట్రమంతా 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. పూలు చల్లారు, ఫొటోలు దిగారు. సరిహద్దు దాటి వచ్చినోళ్లు ఆ ఫొటోల్లో ఎక్కడ? సరే, కటాఫ్ తేదీ చట్టం. ఒప్పుకుందాం. మరి గుడారానికి కటాఫ్ తేదీ ఏది?

పోడు కోసం చెట్లు నరకడం లేదా అంటారు. నరుకుతున్నారు. కాదని ఎవరన్నారు? నరికిన చోట ఆపండి, లెక్క తేల్చండి, బతకడానికి ఇంకో దారి చూపండి. కానీ 2024 ఆగస్టు 31 సాయంత్రం ఇదే తాడ్వాయి, మేడారం అడవిలో యాభై వేలకు పైగా చెట్లు కొన్ని గంటల్లో నేలకూలాయి. వాటి మీద ఏ గూడెపోడి గొడ్డలీ పడలేదు. పడగొట్టింది గాలి. ఆధార్ కార్డు లేదు కాబట్టి గాలి తప్పించుకుంది. లేకపోతే దాన్నీ ఏ చెట్టుకో కట్టేసేవాళ్లు.

ఇక మన పర్యాటక మహానుభావుల సంగతి. ఏకాంతం కావాలని వస్తారు కదా, తెచ్చుకునేదేంటి? ఓ పెద్ద స్పీకరు. కేసుల కొద్దీ బీర్లు. బిర్యానీ డబ్బాలు. శని, ఆదివారాలు లక్నవరం గట్టు మీదికి పోయి చూడండి. కాకతీయులు పొలాలకు నీళ్ల కోసం కట్టిన చెరువు. ఇప్పుడు వేలాడే వంతెన మీద సెల్ఫీల లొల్లి, గట్టు కింద ప్లాస్టిక్ గుట్ట. వీళ్లలోనే కొందరు అమెరికా పోతారు. టెక్సాస్ స్టేట్ పార్కులో రాత్రి 10 గంటలు కొట్టగానే గొంతు తగ్గిస్తారు. కింద పడ్డ పుల్ల కూడా పొయ్యిలోకి ఏరుకోవద్దంటే, బుద్ధిగా కట్టెలు కొనుక్కుంటారు. చెత్త మూటగట్టి కారులో వేసుకుంటారు. శంషాబాద్‌లో విమానం దిగగానే ఏమైతదో! చేతిలోని సీసా దానంతటదే చెట్ల పొదల్లోకి ఎగిరిపోతుంది. అక్కడ భయపెట్టింది జరిమానా. ఇక్కడ జరిమానా లేదా? ఉంది. రాసే చెయ్యి లేదు. గూడెం మీదికి లేచే చెయ్యి, కారు అద్దం దగ్గరికొచ్చేసరికి సలాం కొడుతుంది.

2023 జులై వానలు గుర్తున్నాయా? వెంకటాపురం మండలంలో ముత్యాలధార జలపాతం చూడ్డానికి పోయి పర్యాటకులు పదుల సంఖ్యలో అడవిలో చిక్కుకున్నారు. ఎన్డీఆర్ఎఫ్ బలగాలు రాత్రంతా శ్రమించి వాళ్లను బయటికి తెచ్చాయి. చాలా మంచి పని, దండం పెట్టాలి. తెల్లవారిన ఆ రోజే జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిని ముంచింది. ఎనిమిది మంది కొట్టుకుపోయారు. వాళ్లు విహారానికి పోలేదు. ఊళ్లోనే ఉన్నారు. అడవిలో చుట్టంచూపుగా వచ్చినోడికి ఉన్న బీమా, అడవిలో పుట్టినోడికి ఎప్పుడొస్తుంది?

పీసా చట్టం వచ్చి మూడు దశాబ్దాలు కావస్తోంది. 1996 నాటిది. ఏజెన్సీలో గ్రామసభను అడక్కుండా పెద్ద పనులేవీ చేయొద్దన్నది దాని సారాంశం. ఈ విడిదులకు ఏ గ్రామసభ తీర్మానం చేసింది? ఏ తేదీన? ఎంతమంది వేలిముద్రలు వేశారు? వచ్చే డబ్బులో గూడేనికి ఎంత? ఊడ్చే చీపురు, కడిగే గిన్నెలు కాకుండా కౌంటర్ వెనక కుర్చీ ఎంతమంది కోయ పిల్లలకు దక్కింది? ఆ కాగితం గేటు దగ్గర అంటించొచ్చు కదా. ఆన్‌లైన్‌లో గుడారం బుక్ చేసుకునే తెలివి ఉన్నోళ్లకు అది చదివే తెలివి ఉండదా?

పనిలో పనిగా ఇంకో బోర్డు. చెక్-ఇన్ వేళలు, చెక్-అవుట్ వేళలు రాసిన దాని పక్కనే పెట్టండి. 2017 సెప్టెంబరులో ఈ వాగు దగ్గర ఎవరి ఇళ్లు కూల్చారో, ఎవర్ని ఏ చెట్టుకు కట్టారో, తెలుగులోనూ కోయలోనూ, కారులోంచి కనబడేంత పెద్ద అక్షరాల్లో రాయించండి. నిధుల్లేవంటారా? పెయింటు డబ్బులు హన్మకొండ చౌరస్తాలో జోలె పట్టి మేమే తెస్తాం.