బుద్బుద మీమాంస

తొలిసారి ఇంట్లో బీరు కాచినవాడికి రెండో రాత్రి కలిగే సందేహం మీద ఇంతవరకు మనకో శాస్త్రం లేదు. మాల్ట్ రసం మరిగించాడు, హాప్స్ వేశాడు, చల్లార్చాడు, బకెట్‌లో పోసి ఈస్ట్ చల్లాడు, మూత బిగించాడు. మూత మీద నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి గుచ్చాడు. దాన్ని ఎయిర్‌లాక్ అంటారు. లోపలి గ్యాస్ బుడగలుగా బయటికి పోవడానికీ, బయటి గాలి లోపలికి రాకుండా ఉండడానికీ అది. అది ‘బ్లుబ్’ అనాలి. అనడం లేదు. లోపల తయారవుతున్నది బీరా, పాడైపోతున్న పందొమ్మిది లీటర్ల తీపినీళ్లా? ఈ లోటు తీర్చడానికే ఈ చిరుగ్రంథం.

శాస్త్రం మొదలుపెట్టేటప్పుడు దానికి అధికారి, అంటే అర్హుడు, ఎవరో ముందు తేల్చాలని పెద్దల నియమం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేస్తే ఎక్సైజు చట్టం ఊరుకోదు గనుక అక్కడి పాఠకులు దీన్ని వేదాంతంలా చదువుకుని వదిలెయ్యాలి. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి ఈ పనికి కేంద్రం అడ్డు తీసేసింది. పన్ను లేకుండా ఒంటరివాడు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దలున్న ఇంట్లో 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అలబామా, మిసిసిపీ మాత్రం 2013 దాకా మెత్తబడలేదు. కాబట్టి డాలస్ శివార్లలో ఇల్లు కొని, గరాజ్‌లో కారు తప్ప అన్నీ పెట్టుకున్న తెలుగు గృహస్థుడే ఇక్కడ ముఖ్య అధికారి. అతన్ని ఇకపై సాధకుడు అందాం.

*సూత్రం: బుడగ లేనంతమాత్రాన పులియనట్టు కాదు.*

సాధకుడి తర్కం ఇలా నడుస్తుంది: ఎక్కడ బుడగ ఉందో అక్కడ పులియడం ఉంది, ఇక్కడ బుడగ లేదు, కాబట్టి నా బీరు చచ్చిపోయింది. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం పది పేజీలు చదివినా ఈ తప్పు చేసేవాడు కాదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందే గాని, నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండాలని లేదు. నైయాయికులు దీనికి చూపే ఉదాహరణ ఎర్రగా కాలిన ఇనుపగుండు. నిప్పు నిండా ఉంది, పొగ చుక్క లేదు. ప్లాస్టిక్ బకెట్ అచ్చంగా ఆ ఇనుపగుండే. దాని మూత అంచు ఎక్కడో వెంట్రుకవాసి లేచి ఉంటుంది, గ్యాస్ అటునుంచి పోతుంది. దారి సులువుగా దొరికితే ఎయిర్‌లాక్‌లోని నీటిని నెట్టుకుంటూ పోవలసిన ఖర్మ దానికేం?

బుడగ ఉంటే పులుస్తున్నట్టేనా అంటే, ఆ సగమూ నిలవదు. మధ్యాహ్నం గరాజ్ వేడెక్కితే ద్రవంలో కరిగి ఉన్న గ్యాస్ విడివడి, పని ఎప్పుడో అయిపోయిన బకెట్ కూడా ‘బ్లుబ్ బ్లుబ్’ అంటుంది. సాధకుడు స్టాప్‌వాచీ పట్టుకుని నిమిషానికి ఎన్ని బుడగలో నోటుబుక్కులో రాసుకుంటాడు. అతను కొలుస్తున్నది గరాజ్ ఉష్ణోగ్రతని. పొగకి కూడా ఇంత అపకీర్తి రాలేదు.

ఇక శబ్దప్రమాణం, అంటే ఆప్తవాక్యం. ఇక్కడ ఆప్తుడు కిట్ డబ్బాలో వచ్చిన కాగితం. ఇరవై నాలుగు గంటల్లో పులియడం మొదలవుతుందని అది సెలవిస్తుంది. ఈస్ట్ ఆ కాగితం చదవదు. కొత్త చోట సర్దుకుని, కావలసినవి కూడగట్టుకుని పని మొదలెట్టడానికి దానికి కొన్ని గంటలు పట్టవచ్చు, మూడు రోజులూ పట్టవచ్చు. ప్యాకెట్ పాతదైనా, రసం మరీ చల్లగా ఉన్నా ఇంకాస్త ఆలస్యం. మూడు రోజులు దాటాకా చలనం లేకపోతే అప్పుడు కొత్త ప్యాకెట్ చల్లవచ్చు. ఆలోపు చల్లేవాడిది శాస్త్రం కాదు, కంగారు.

పులియడం మీద వెటకారం చేసినవాళ్లలో మనం మొదటివాళ్లం కామని ఇక్కడ చెప్పుకోవాలి. ఈస్ట్‌కి ప్రాణమున్నదని 1837 ప్రాంతంలో ముగ్గురు ఎవరికి వారు తేల్చారు: కన్యార్ లాటూర్, ష్వాన్, క్యూట్సింగ్. రసాయనశాస్త్రంలో దిగ్గజాలైన వోలర్, లీబిగ్‌లకి ఇది మింగుడుపడలేదు. 1839లో తమ పత్రికలోనే పేరు లేకుండా ఒక వ్యాసం అచ్చేశారు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈస్ట్ గుడ్ల నుంచి బుల్లి జంతువులు పుడుతున్నాయట, వాటి ఆకారం అచ్చం బట్టీలా ఉందట. మూతితో చక్కెర పీలుస్తాయట, పేగుల్లోంచి ఆల్కహాలు వదులుతాయట, మూత్రాశయంలోంచి కార్బానిక్ ఆమ్లం వదులుతాయట. నిండినప్పుడు ఆ మూత్రాశయం షాంపేన్ సీసాలా కనబడుతుందట. ఎదుటివాణ్ణి నవ్వులపాలు చేద్దామని రాసిన ఆ ముక్కలోంచి మూతీ పేగులూ తీసేస్తే మిగిలేది నిజమే. ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాలూ కార్బన్ డయాక్సైడూ వదులుతుంది. తర్వాత పాశ్చర్ 1876లో బీరు మీద పుస్తకమే రాశాడు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచి చూపాడు. లీబిగ్ వర్గం ఓడింది గాని, హాస్యంలో ఇప్పటికీ వాళ్లదే పైచేయి.

*సూత్రం: కంటికి కనబడేదాన్ని ముక్కుతో, ముక్కుకి తగిలేదాన్ని కాలంతో సరిచూడాలి.*

టార్చిలైటు వేసి బకెట్ పక్కనుంచి చూస్తే ద్రవం మట్టానికి పైన గోడకి అంటుకుని గోధుమరంగు చార ఒకటి కనబడుతుంది. ఎండిన నురగ, హాప్స్ తుక్కు, ఈస్ట్ కలిసిన జిగురు అది. దాన్ని చూసి సాధకుడు ‘బూజు పట్టింది’ అని గుండె బాదుకుంటాడు. నిజానికి కంటికి అంతకంటే నమ్మకమైన సాక్షి లేదు. అతను నిద్రపోతున్నప్పుడు నురగ అంతెత్తు లేచి, మళ్లీ కిందికి దిగిందన్నమాట. జాతర అయిపోయాక వచ్చి తేరు ఏదని అడిగినట్టుంటుంది అతని దిగులు. నిజంగా బెంగపడవలసింది ద్రవం మీద పొడిగా, ముడతలుగా పొర కట్టినప్పుడూ, రంగురంగుల నూగు మొలిచినప్పుడూ.

వాసన విషయంలో పూర్వపక్షం అత్తగారిది. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన ఆవిడ, బకెట్ దాచిన అలమర ముందు ఆగి, “అల్లుడుగారూ, ఇందులో ఎలకేదో చచ్చినట్టుంది, కాస్త చూడండి బాబూ” అంటుంది. సిద్ధాంతం: కుళ్లిన గుడ్డు వాసన గంధకానిది, పులిసే కాలంలో, ముఖ్యంగా లాగర్ రకాల్లో, మామూలే. కొన్నాళ్లకి అదే పోతుంది. వెన్న వాసన కూడా మొదట్లో వచ్చి, ఈస్ట్‌ని తొందరపెట్టకుండా వదిలేస్తే చాలావరకు తగ్గుతుంది. ఘాటైన వెనిగర్ వాసన వస్తే మాత్రం అత్తగారిదే గెలుపు. ఆవిడకి చెప్పనక్కర్లేదు.

వేడి గురించి ఒక్క ముక్క. ఏల్ రకం బీరు ఈస్ట్‌కి చాలావరకు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ బాగుంటుంది. పులిసేటప్పుడు లోపలి ద్రవం గదికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. టెక్సాస్ జులైలో గరాజ్ అందుకు పనికిరాదు. బకెట్‌ని నీళ్ల తొట్టిలో నిలబెట్టి, పాత టీషర్టు తడిపి తొడిగి, ఫ్యాను పెడితే సరి. సాధకుడి భార్య అది చూసి ఏమంటుందో ఈ గ్రంథ పరిధిలోకి రాదు.

*సూత్రం: తేలినదే తేల్చును.*

అన్ని ప్రమాణాలూ వీగిపోయాక మిగిలేది ద్రవం సాంద్రత చెప్పే హైడ్రోమీటరు. గాజు గొట్టంలో బీరు పోసి దాన్ని మెల్లగా వదలాలి. బుడగలు పట్టుకుని పైకి లేపేస్తాయి, కాబట్టి వేళ్లతో ఒక్క తిప్పు తిప్పాలి. అది గిరగిరా తిరిగి నిలబడ్డాక ద్రవం గాజుని ఎగబాకిన అంచు వదిలేసి, అడుగు గీత చదవాలి. మొదటి రోజు 1.050 ఉన్నది ఇప్పుడు 1.030 అయితే లోపల చక్కెర ఖర్చవుతోంది, బుడగలు వచ్చినా రాకపోయినా. 1.010 దగ్గర ఆగి, రెండు మూడు రోజుల తేడాతో చూసినా అక్కడే ఉంటే పని పూర్తయింది. మొదటి, చివరి అంకెల తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 5.25 శాతం. అంకె ఇంకా దిగుతుండగానే సీసాల్లో పోసి బిగిస్తే, అర్ధరాత్రి అలమరలో సీసాలు పేలతాయి. ఎలక సిద్ధాంతం మళ్లీ లేస్తుంది.

పరీక్షకి తీసిన బీరుని తిరిగి బకెట్‌లో పోయరాదన్నది అందరూ ఒప్పుకున్న మాట, బయటి క్రిములు లోపలికి పోతాయి గనుక. పారబొయ్యడమా, తాగడమా అన్న దగ్గర సంప్రదాయాలు విడిపోయాయి. గోరువెచ్చగా, గ్యాస్ లేకుండా, ఈస్ట్ మడ్డితో ఉన్నా సరే తాగాలన్నదే బలమైన మతం. ఆ మతం పుచ్చుకుని పూటకోసారి పరీక్ష చేసిన సాధకులు ఉన్నారు. బీరు చక్కగా పులిసిందని వాళ్లు నిస్సందేహంగా తేల్చారు. సీసాలు మాత్రం సగమే నిండాయి.