క్లెయిము చతుష్టయము: ప్రతిపదార్థ తాత్పర్య విశేష సహితము

ఉపోద్ఘాతము

మోటారు ప్రమాదము క్షణములో ముగియును. దాని క్లెయిము నెలల తరబడి సాగును. హగరి వద్ద మొదలై ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా రాయచూరు వైపు పోవు 167వ నంబరు జాతీయ రహదారి ఈ శాస్త్రమునకు అనువైన క్షేత్రము. ఆదోని, ఎమ్మిగనూరుల నడుమ సుమారు 30 కిలోమీటర్ల దారిలో పత్తి కాలమున మార్కెట్ యార్డుకు పోవు లోడు బండ్లు, గురువారములందు మంత్రాలయ యాత్రికుల కార్లు, శ్రావణమున ఉరుకుంద ఈరన్న స్వామి భక్తుల ఆటోలు, జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకు పోవు ట్రాక్టర్లు, ఏడాది పొడుగునా గొర్రెల మందలు. కర్ణాటక సరిహద్దు పక్కనే యుండుటచే గుద్దిన బండిది ఏపీ నంబరో కేఏ నంబరో ముందుగా చెప్పజాలము. ఇట్టి దారిన పోవువారికై నాలుగు ఆటవెలదులు మూలముగా, వానికి టీక ఇచట వ్రాయబడినది. పద్యముల వరుసయే పనుల వరుస. వరుస తప్పిన క్లెయిము నిలువదు.

మొదటి పద్యము: ఘటనాస్థల విధి

బండి తగిలినపుడు పారిపోకాగుము
ప్రాణమున్నవాని పట్టు మొదట
ఫొటొలు తీసి పిదప పోలీసుకెరిగించి
బీమవారికపుడె పిలుపునిమ్ము

ప్రతిపదార్థము: బండి = కారు (బైకు, ఆటో, ట్రాక్టరులకును వర్తించును); తగిలినపుడు = గుద్దిన యెడ (“తగులుట” అనునది కవి మర్యాద; ఎఫ్‌ఐఆర్‌లో “అతివేగముగా, అజాగ్రత్తగా ఢీకొని” అని యుండును); పారిపోక ఆగుము = ఇంజను ఆపి, నాలుగు ఇండికేటర్లు వెలిగించి నిలువుము; ప్రాణమున్నవాని = గాయపడిన మనిషిని (బంపరును కాదు); పట్టు మొదట = ముందుగా ఆదుకొనుము; ఫొటొలు తీసి = సాక్ష్యము నిలిపి; పిదప = ఆ తరువాత; పోలీసుకు ఎరిగించి = 112కు గాని సమీప స్టేషనుకు గాని తెలిపి; బీమవారికి = కంపెనీకి (బావమరిదికి తెలిసిన ఏజెంటుకు మాత్రమే కాదు); అపుడె = ఆ పూటనే; పిలుపునిమ్ము = ఫోను చేసి క్లెయిము నంబరు పుచ్చుకొనుము.

తాత్పర్యము: ప్రమాదము జరిగిన వెంటనే ఆగి, గాయపడినవారిని ఆదుకొని, సాక్ష్యము భద్రపరచి, పోలీసులకును బీమా కంపెనీకిని తెలుపవలెను.

విశేషము: “ఆగుము” అను విధి కవి కల్పితము కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టము 134వ సెక్షను గాయపడినవారికి వైద్యము అందునట్లు చూచుట, పోలీసు లేని చోట సమీప స్టేషనులో 24 గంటలలోపు తెలుపుట, బీమా కంపెనీకి పాలసీ, స్థలము, సమయము, డ్రైవరు లైసెన్సు వివరములు వ్రాసి యిచ్చుట అను మూడు పనులను డ్రైవరుకు విధించెను. దీనికి చట్టమే ఒక అపవాదమును చెప్పెను: గుంపు ఆగ్రహించి వైద్యసాయమునకు వీలు లేకుండ చేసినచో ఆ మేరకు డ్రైవరుకు మినహాయింపు కలదు, ఆ సంగతిని కూడ స్టేషనులో చెప్పవలెను. కావున కర్రలు లేచు చోట నిలువుమని పద్యభావము కాదు. నేరుగా స్టేషనుకు పోవుట పారిపోవుట కానేరదు.

“మొదట” అనుటచే తక్కినవన్నియు వెనుక. 108కి ఫోను చేసి ఆదోని ఏరియా ఆసుపత్రికో, గాయము పెద్దదైన కర్నూలు సర్వజన ఆసుపత్రికో చేర్చినవారిని, సాటి ప్రయాణికులే యైనను, వేధింపుల నుండి 134ఎ సెక్షను కాపాడును. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకము క్షతగాత్రునకు ఏడు దినముల వరకు లక్షన్నర రూపాయల నగదురహిత చికిత్స నిచ్చును. బీమా ఉన్నదా లేదా యని వెదుకుచు కూర్చుండ పనిలేదు.

“ఫోటో”లోని రెండచ్చులను కురుచ చేయుట గణముల కొరకే. తీయునపుడు కురుచతనము పనికిరాదు. నంబరు ప్లేటుతో సహా నాలుగు వైపులు, రెండు బండ్లు నిలిచిన తీరు, రోడ్డుమీద బ్రేకు గీతలు, కిలోమీటరు రాయి, ఎదుటి బండి నంబరు అన్నియు రావలెను. ఏ స్టేషను హద్దో తెలియక తిరుగువారికి ఒక మాట: 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము హద్దుతో పనిలేక ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు నమోదు చేయవలెను. దీనినే జీరో ఎఫ్‌ఐఆర్ అందురు. సొంత బండికి మాత్రమే సొట్ట పడిన చిన్న కేసులో కంపెనీలు సాధారణముగా ఎఫ్‌ఐఆర్ అడుగవు. మనిషికి దెబ్బ తగిలిన యెడ అది లేక ముందుకు నడువదు.

ఇచట రాజీ మతస్థులు ఆక్షేపింతురు: “టీ అంగడి దగ్గర నలుగురు పెద్దలు చేరి ఎంతో కొంత ఇప్పించి పంపగా తీరు పనికి పోలీసేల, బీమా ఏల?” సమాధానము: కంపెనీ వ్రాసి యిచ్చిన అనుమతి లేక తప్పు ఒప్పుకొనుట, ఇంత ఇచ్చెదనని మాట యిచ్చుట, సొమ్ము చెల్లించుట పాలసీ నియమములందు నిషిద్ధము. పైగా సాయంకాలము చేతులు కలిపిన వానికి మరునాడు ఎక్స్‌రేలో ఎముక విరిగినట్లు తేలవచ్చును; అపుడు రాజీ కేసును ఆపదు, ఇచ్చిన సొమ్మునకు రసీదు ఉండదు. బంపరు గీతలకే రాజీ చెల్లును, నెత్తురు కనబడిన చోట చెల్లదు. ఇది సిద్ధాంతము.

రెండవ పద్యము: సర్వేయరు, షెడ్డు

సర్వెయరుడు రాక జరపకు బోల్టైన
ఎస్టిమేటు లేక యేది కొనకు
రబ్బరునకు సగము రాదు గాజుకు వచ్చు
లోహమునకు వయసు లోతు చూచు

ప్రతిపదార్థము: సర్వెయరుడు = నష్టము లెక్కగట్టు లైసెన్సుదారు; రాక = వచ్చి చూడక మునుపు (ఇపుడు వీడియోలో చూచుటయు కలదు); జరపకు బోల్టైన = బోల్టు కూడ ఊడదీయకుము; ఎస్టిమేటు = షెడ్డువారు వ్రాసి యిచ్చు అంచనా; ఏది కొనకు = ఏ స్పేరు పార్టును తేకుము; రబ్బరునకు = టైరు, ట్యూబు, బ్యాటరీ, ప్లాస్టిక్కులకు; సగము రాదు = ధరలో 50 శాతము కోతపడును; గాజుకు వచ్చు = అద్దమునకు కోత లేదు; లోహమునకు = ఇనుప భాగములకు; వయసు లోతు చూచు = బండి ఎన్నేండ్లదో చూచి కోయును.

తాత్పర్యము: సర్వేయరు చూచి, అంచనా ఆమోదించిన పిదపనే మరమ్మతు మొదలుపెట్టవలెను. పార్టులకు వచ్చు సొమ్ము వాని రకమును, బండి వయసును బట్టి యుండును.

విశేషము: సర్వేయరు సొట్టలకు వ్యాఖ్యాత. ఏ సొట్ట నేటి ప్రమాదపు మూలపాఠము, ఏది నిరుడు గేటుకు తగిలిన ప్రక్షిప్తము అని తేల్చువాడు అతడే. అతడు రాక మునుపే టింకరింగు చేయించినచో వ్యాఖ్యానించుటకు మూలమే మిగులదు. 50,000 రూపాయలు దాటిన మోటారు నష్టమునకు లైసెన్సు గల సర్వేయరు తప్పనిసరి. సమాచారమందిన 24 గంటలలో సర్వేయరును నియమించి, 15 దినములలో నివేదిక తెప్పించుకొని, అటుపై ఏడు దినములలో నిర్ణయము చెప్పవలెనని 2024లో బీమా నియంత్రణ సంస్థ గడువులు పెట్టెను.

“బోల్టైన” అనుట అతిశయోక్తి యని కొందరందురు. కాదు. కంపెనీని అడుగక సొంతముగా చేయించుకొన తగిన మరమ్మతు ప్రామాణిక పాలసీలో 500 రూపాయలు మాత్రమే. అట్లే బండిని షెడ్డుకు ఈడ్చుకొనిపోవుటకు కారుకు 1500 రూపాయల వరకే ఇచ్చెదరు. కంపెనీ షోరూము షెడ్డు కోసము ఆదోని నుండి కర్నూలుకు టోయింగు చేయించువారు, తేడా తమ జేబునుండి పోవునని ముందే ఎరుగుట మేలు. ఇక రేడియేటరు కారుచుండగా “ఊరు ఎంతో దూరము లేదు కదా” యని నడుపుకొని వచ్చి ఇంజను పట్టివేసినచో, ఆ అదనపు నష్టము యజమానిదే యని పాలసీ స్పష్టముగా చెప్పుచున్నది. బండిని కాపలా లేక రోడ్డున వదలుటయు అట్టిదే.

లోహపు కోత వరుస ఇది: ఆరు నెలల లోపు బండికి లేదు, సంవత్సరము లోపు 5 శాతము, రెండేండ్ల లోపు 10, మూడేండ్ల లోపు 15, నాలుగేండ్ల లోపు 25, అయిదేండ్ల లోపు 35, పదేండ్ల లోపు 40, ఆపైన 50. పెయింటింగులో రంగు ఖర్చుకు సగము కోత. కూలికి కోత లేదు. ఇవిగాక 1500 సీసీ వరకు కారుకు 1000, దాటినచో 2000 రూపాయలు యజమాని భరించవలెను. జీరో డెప్ అను అదనపు రక్షణ కొన్నవారికి పార్టుల కోత ఉండదు గాని ఈ వెయ్యి, రెండు వేలు తప్పవు. మరమ్మతు ఖర్చు బండి ప్రకటిత విలువలో, అనగా ఐడీవీలో, 75 శాతము దాటినచో దానిని పూర్తి నష్టముగా లెక్కించి విలువ చెల్లింతురు.

మూడవ పద్యము: మినహాయింపులు, ఎదుటివాని హక్కు

తాగి నడిపెనేని తనదె నష్టంబంత
పత్రమొకటి లేక ఫలము లేదు
ఎదుటివాని నష్టమెల్లను బీమాది
కోర్టు చెప్పినంత కూర్చి యిచ్చు

ప్రతిపదార్థము: తాగి = 100 మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాములకు మించి మద్యము కలిగి (“రెండు పెగ్గులే” అనునది కొలత కాదు); నడిపెనేని = నడిపినచో; తనదె నష్టంబంత = సొంత బండి ఖర్చు తానే భరించవలెను; పత్రమొకటి = లైసెన్సు, ఆర్సీ, పాలసీలలో ఒక్కటైనను; లేక = చెల్లుబాటు కాక; ఫలము = క్లెయిము సొమ్ము; ఎదుటివాని = థర్డ్ పార్టీ అనబడు బాధితుని; కోర్టు = మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్; కూర్చి = వడ్డీతో చేర్చి.

తాత్పర్యము: మద్యము సేవించినను, పత్రములు లేకున్నను సొంత నష్టము రాదు. బాధితుని నష్టమును మాత్రము ట్రిబ్యునల్ తీర్పు మేరకు కంపెనీ చెల్లించును.

విశేషము: మొదటి రెండు పాదములకును చివరి రెండింటికిని విరోధము తోచును. డ్రైవరుకు లైసెన్సు లేని యెడ ఫలము లేదనినచో, దెబ్బ తిన్న బాటసారి గతి యేమి? 2004లో స్వరణ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు ఈ విరోధమును పరిహరించెను. నియమభంగము రుజువైనను ట్రిబ్యునల్ ఆదేశముపై కంపెనీ ముందు బాధితునకు చెల్లించి, పిదప యజమాని వద్ద రాబట్టుకొనవచ్చును. అనగా బాధితునకు సొమ్ము అందును, యజమానికి నోటీసు అందును. ఏడున్నర టన్నుల లోపు రవాణా బండిని సాధారణ ఎల్‌ఎంవీ (తేలిక వాహనముల) లైసెన్సుతో నడుపవచ్చునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనము తేల్చుటచే, చిన్న లోడు బండ్ల డ్రైవర్ల మీద ఈ ఆక్షేపణ చాలవరకు తొలగెను.

“ఎల్లను” అను పదమునకు సంకోచార్థము చెప్పవలెను. మరణము, గాయముల పరిహారమునకు పాలసీలో పరిమితి లేదు. గోడ, అంగడి, ఎదుటి బండి వంటి ఆస్తి నష్టమునకు కారు పాలసీలో ఏడున్నర లక్షల వరకే. యజమానియే బండి నడుపుచు మరణించినచో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా నుండును.

బాధితుడు ప్రమాదము జరిగిన చోటనే గాక తాను నివసించు చోట కూడ దావా వేయవచ్చును. కావున రాయచూరు దగ్గర దెబ్బ తిన్న ఎమ్మిగనూరు నేతకాడు వాయిదాకొకసారి సరిహద్దు దాటనక్కరలేదు. చట్ట సవరణ ప్రకారము 2022 ఏప్రిల్ 1 నుండి ఈ దరఖాస్తుకు ఆరు నెలల గడువు. గుద్దిన బండి ఏదో తెలియకుండ పోయినచో కేంద్ర పథకము కింద మరణమునకు రెండు లక్షలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు వచ్చును.

నాల్గవ పద్యము: బోనసు మీమాంస

గీత పడిన మాత్ర క్లెయిమేల వేయంగ
బోనసంత పోయి బుద్ధి వచ్చు
చిన్న లెక్కలోన చేరు పెద్దగ నష్ట
మనుచు లెక్క వేసి యడుగు వేయు

ప్రతిపదార్థము: గీత పడిన మాత్ర = రంగు గీసుకొని పోయినంత మాత్రమున; క్లెయిమేల వేయంగ = దరఖాస్తు వేయుట ఎందుకు; బోనసు = నో క్లెయిమ్ బోనస్; బుద్ధి వచ్చు = రెన్యూవల్ నాడు తెలిసివచ్చును; లెక్క వేసి = రెండు మొత్తములను పోల్చి; అడుగు వేయు = పిదప నిర్ణయించుకొనుము.

తాత్పర్యము: చిన్న నష్టమునకు క్లెయిము చేయుటకు మునుపు, దానివలన పోవు బోనసును లెక్కించుకొనవలెను.

విశేషము: క్లెయిము లేని ఏడాదులకు సొంత నష్టపు ప్రీమియములో వరుసగా 20, 25, 35, 45, 50 శాతము తగ్గింపు లభించును. ఒక్క క్లెయిముతో అది సున్నా యగును. సొంత నష్టపు ప్రీమియము 10,000 అనుకొందము. 50 శాతము బోనసు గలవాడు 5000 కట్టుచుండును. క్లెయిము చేసినచో మరుసటి ఏట 5000, అటుపై వరుసగా 3000, 2500, 1500, 500 అదనముగా కట్టి ఆరవ ఏట పూర్వస్థితికి వచ్చును. మొత్తము 12,500. నాలుగు వేల పెయింటింగు పనికై వెయ్యి సొంతముగా పెట్టి, రంగుకు సగము కోయించుకొని, 12,500 పోగొట్టుకొనుట శాస్త్రసమ్మతము కాదు. ఈ బోనసు బండిది కాదు, యజమానిది. బండి అమ్మినను కొత్త బండికి తెచ్చుకొనవచ్చును. పాలసీ ముగిసి 90 దినములు దాటనిచ్చినచో పోవును.

ఇచటనే ఒక భ్రాంతి నివారణ. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దానిని చూచి “మూడేండ్లకు బీమా ఉన్నది” యని సొంత నష్టపు భాగమును రెండవ ఏట మరచువారు కలరు. అట్టివారికి ఎదుటివాని సొట్టకు సొమ్ము వచ్చును, తమ సొట్టకు రాదు.

శేషము

క్లెయిమును కంపెనీ తిరస్కరించిన యెడ ఏమి చేయవలెనో మూలమున లేదు గాన వ్యాఖ్యాతయే చెప్పవలసి వచ్చినది. తిరస్కరణ కారణమును వ్రాతలో కోరి, ముందుగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్ ద్వారా, 155255 నంబరు ద్వారా కూడ ఫిర్యాదు చేయవచ్చును. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చినది నచ్చకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాది లోపు ఆశ్రయింపవచ్చును. అచట రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషన్ మరియొక మార్గము. ఏ మార్గమున పోయినను అడుగబడునవి మొదటి పద్యములోని ఫొటొలు, క్లెయిము నంబరు, రెండవ పద్యములోని సర్వే నివేదిక, మూడవ పద్యములోని పత్రములే.