మా రోజుల్లో చీటీ మీద రెండే మందులు

మా రోజుల్లో మందుల చీటీ అంటే అరచేతిలో ఇమిడే కాగితం ముక్క. దాని మీద రెండు మందులుండేవి, మహా అయితే మూడు. ఇప్పుడు ఒళ్ళు వెచ్చబడిందని వెళ్ళినవాళ్ళు కూడా కాగితం నిండా రాయించుకుని, మెడికల్ షాపు నుంచి కవరు నింపుకుని వస్తున్నారు.

నేను కోనసీమ పల్లెల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. జనానికి మాత్రం నేను కాంపౌండరు గారినే. మా డాక్టరు గారు మందు పేరు రాసేవారు తప్ప కంపెనీ పేరు రాసేవారు కాదు. స్టోరులో ఉన్నది ఆ పేరుతోనే, స్టాకు రిజిస్టరులో ఎక్కేదీ ఆ పేరుతోనే. అజీర్తికి కార్మినేటివ్ మిక్శ్చర్ నేనే కలిపేవాణ్ణి. రోగి ఇంటి దగ్గర్నుంచి సీసా తెచ్చుకునేవాడు. కాగితాన్ని మెట్లు మెట్లుగా కత్తిరించి ఆ సీసాకి అంటిస్తే, పూటకి ఒక మెట్టు చొప్పున తాగాలని చదువురానివాళ్ళకి కూడా తెలిసిపోయేది. హైదరాబాదు బాలానగర్ ఐడీపీఎల్‌లో తయారైన మందులు మా అల్మారాలకి వచ్చేవి. బోదకాలు ఉన్న ఊళ్ళలో డైఇథైల్ కార్బమజీన్ బిళ్ళలు పంచేవాళ్ళం. ఆ మందు కనిపెట్టిన పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అది ఈనాటికీ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది.

అప్పుడంతా బాగుండేదని అనను. నెలాఖరుకి డబ్బాలు ఖాళీ అయి, ఎంతో దూరం నడిచొచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపిన రోజులున్నాయి. తలనొప్పికి పంచిన ఏపీసీ బిళ్ళలోని ఫెనాసెటిన్ మూత్రపిండాలకి చేటని తేలింది, దాన్ని తీసేశారు, మంచిపని చేశారు. నా కోపం కొత్త మందుల మీద కాదు. రాసే పద్ధతి మీద.

ఏ మందులు తప్పనిసరో తేల్చే పని మన దేశంలో ఎప్పుడో మొదలైంది. 1975లో జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ అత్యవసర మందులకి జాబితా ఉండాలంది, బ్రాండ్ పేర్లు క్రమంగా వదిలి అసలు పేర్లకి మారాలంది. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మొదటి జాబితా ఇచ్చింది. మన జాతీయ జాబితా రావడానికి మాత్రం 1996 దాకా పట్టింది. అది మారుతూ వచ్చింది. 2022లో ఖరారైన జాబితాలో 384 మందులున్నాయి. రానిటిడిన్ అందులోంచి పోయింది. జ్వరం, బీపీ, షుగరు, క్షయ, ప్రసవం, పాముకాటు, క్యాన్సరు దాకా సామాన్యుడికి కావలసినవి అందులో ఉన్నాయి. కూర్చుని వడపోసినవాళ్ళలో డాక్టర్లూ ఉన్నారు.

మరి ఆ జాబితాకీ చీటీకీ పొంతన ఉందా? ఈమధ్య మా వీధిలో ఒకావిడ పట్నంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చూపించుకుని, "బాబాయ్ గారూ, ఇవెలా వేసుకోవాలో కాస్త చెప్పండి" అంటూ చీటీ తెచ్చింది. జలుబు, ఒళ్ళునొప్పులు, రెండు రోజుల జ్వరం. చీటీలో ఆరు మందులు. అజిత్రోమైసిన్ 500. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్, సెరాషియోపెప్టిడేజ్ మూడూ కలిపిన బిళ్ళ. పాంటోప్రజోల్, డాంపెరిడోన్ కలిపిన, గ్యాస్‌కి వేసుకునే గొట్టం మాత్ర. జలుబుకి రెండు మందులు కలిపిన ఇంకో బిళ్ళ. రకరకాల మందులు కలిపిన దగ్గు సిరప్. బలానికో విటమిన్ గొట్టం. ఆరింటిలో జాతీయ జాబితాలో కనిపించేది అజిత్రోమైసిన్ ఒక్కటే. మామూలు జలుబు జ్వరానికి అక్కర్లేనిదీ అదే! వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఆవిడకి కావలసిన ఉత్త పారాసిటమాల్ బిళ్ళ ఆ జాబితాలోనే ఉంది. దాన్ని విడిగా ఎవరూ రాయలేదు.

ఇది మా వీధి సంగతే అనుకోకండి. మన దేశంలో 2019లో ప్రైవేటు రంగంలో వాడిన యాంటీబయాటిక్స్ లెక్క తీస్తే, జాతీయ జాబితాలోవి 49 శాతమే. అన్నిటికన్నా ఎక్కువగా వాడింది అజిత్రోమైసిన్ 500 బిళ్ళ. ఆచితూచి వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్కన పెట్టిన వర్గంలోది అది.

ఎందుకిలా అంటే ధర దగ్గరికి రావాలి. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం జాబితాలో ఉన్న మందుకి ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది. జాబితాలో లేనిదానికి మొదటి ధర చాలావరకు కంపెనీ ఇష్టం, ఆపైన ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. జాబితాలోని మందుకి ఇంకోటి కలిపితే, ఆ మిశ్రమం జాబితాలో లేనప్పుడు, ఆ గరిష్ఠ ధర దానికి వర్తించదు. దాన్నే రాయించమని కంపెనీ తన మెడికల్ రెప్‌ని డాక్టరు గది ముందు నిలబెడుతుంది. అలాంటి మిశ్రమాల్ని ప్రభుత్వం 2016లో 344, 2024లో 156 నిషేధించింది. అన్ని ఏళ్ళు వాటిని చీటీల మీద రాసింది ఎవరు? కాలేజీలో అసలు పేర్లతో ఫార్మకాలజీ చదివిన డాక్టరు, ప్రాక్టీసు పెట్టాక రెప్ చెప్పిన పేర్లతో రాయడం నాకు బాధగా ఉంటుంది. మా డాక్టరు గారి దగ్గరికీ రెప్‌లు వచ్చేవారు. రోగులందరూ వెళ్ళాకే వాళ్ళని లోపలికి పిలిచేవారాయన.

కంపెనీల తీరు తెలియాలంటే ఓఆర్ఎస్ సంగతి చూడండి. జాబితాలో ఉన్న చవకైన పొట్లం, విరేచనాలతో వాడిపోయిన పిల్లల ప్రాణం నిలబెట్టేది. దాని పేరు పెట్టుకుని చక్కెర పానీయాలు అట్టపెట్టెల్లో అమ్మారు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. ఆవిడకి చేతులెత్తి దండం పెడతాను. డాక్టరంటే అలా ఉండాలి.

డాక్టర్లూ, మీ చీటీ రాశాక ఒక్కసారి ఆ 384 పక్కన పెట్టి చూసుకోండి. చదువరులూ, బీపీకో షుగరుకో రోజూ వేసుకుంటున్న మందులు మీ అంతట మీరు ఆపకండి. కానీ చీటీ చేతికి రాగానే, "డాక్టరు గారూ, ఇందులో ఏది దేనికి? ఏది లేకపోయినా పర్వాలేదు?" అని అడగండి. వినయంగానే అడగండి, కానీ జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.