రూపాయి బిళ్ళంత గాజుకు పనిముట్ల జాతర

ఇంట్లో కూర్చుని రూపాయి బిళ్ళంత గాజు ముక్కను గుండ్రంగా చేసుకోవాలంటే ఏమేం కావాలి? అమ్మేవారిని అడిగితే చాంతాడంత జాబితా విప్పుతారు. మామూలు చక్రం కట్టర్ ఒకటి, పిడిలో నూనె పోసుకునేది ఇంకొకటి, వృత్తం గీసే కట్టర్, వజ్రపు పొడి పూసిన డ్రిల్ బిట్ల సెట్టు, రకానికొకటి చొప్పున పటకార్లు, నీళ్ళ తొట్టి ఉన్న సాన మిషను. ఇవన్నీ ఇల్లు చేరాక కళాకారులకు మిగిలే పని ఒక్కటే, వాటికి చోటు వెతకడం. గాజు సంగతి వచ్చే సంక్రాంతికి చూసుకోవచ్చు.

ఈ జాతరలో ఉత్సవ విగ్రహం వృత్తం కట్టర్. మధ్యలో గాజుకు అతుక్కునే రబ్బరు కప్పు, దాని నుంచి సాగిన కడ్డీ, కడ్డీ మీద కొలతల గీతలు, చివర చక్రం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎంత పెద్ద వృత్తం గీస్తుందో డబ్బా మీద లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. ఎంత చిన్నది గీయగలదన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు చిక్కిపోతాయి. చాలావాటిలో ఆ కప్పు వెడల్పే సుమారు 2 అంగుళాలు. ముప్పావు అంగుళం బిళ్ళ గీయమంటే చక్రం కప్పు మీదికెక్కి తిరగాలి! టీపాయ్ మీద పరిచే గాజుకైతే దానికి తిరుగులేదు. చిన్న బిళ్ళల కోసం లెన్స్ కట్టర్ అని వేరే ఉంది. నిలువు చట్రంలో పైన పిడి తిప్పితే కింద చక్రం తిరుగుతుంది. ఆ ముక్క మనకు తెలిసేది మొదటిదానికి డబ్బు కట్టాకే.

సరే, గీశారనుకుందాం. వీడియోలో అయితే ఇక్కడ సంగీతం పెరుగుతుంది, మరుక్షణం చేతిలో నిగనిగలాడే బిళ్ళ ఉంటుంది. కత్తిరించి పారేసిన ఆ మధ్య భాగంలోనే పనంతా ఉంది. కట్టర్ గాజుకు పెట్టేది గాటు మాత్రమే. గాటు కింద సన్నని పగులు పుడుతుంది. వంచితే అది అవతలి ముఖం దాకా దిగుతుంది. తిన్నని గీత అయితే రెండు చేతులా పట్టుకుని వంచగానే టిక్కున విడిపోతుంది. వృత్తాన్ని ఏ పక్కకు వంచుతారు? అందుకే పని తెలిసినవాళ్ళు గాజును తిరగేసి, గీత వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ పగులును చుట్టూ నడిపిస్తారు. తరవాత వృత్తం నుంచి అంచుల వైపు నాలుగైదు గాట్లు పెట్టి, చుట్టూ ఉన్నదాన్ని ముక్కముక్కగా ఊడదీస్తారు. బిళ్ళ చిన్నదయ్యే కొద్దీ వంపు ఎక్కువవుతుంది, పగులేమో తిన్నగా పారిపోదామని చూస్తుంది. గీత సరిగా పడలేదేమోనని దాని మీదే రెండోసారి చక్రం నడిపే అతిజాగ్రత్తపరులకు గాజూ దక్కదు, చక్రం పదునూ దక్కదు.

డబ్బు ఖర్చు పెట్టనివారి కోసం ఉచిత అద్భుతాలున్నాయి. స్పిరిట్‌లో తడిపిన దారం చుట్టి, వెలిగించి, చన్నీళ్ళలో ముంచమంటారు. అది సీసా మెడ కోసం పుట్టిన చిట్కా, అక్కడా చెప్పినచోట పగులుతుందన్న హామీ లేదు. దాన్ని పట్టుకొచ్చి పలక గాజు మీద దారాన్ని సున్నా చుట్టి నిప్పు పెట్టే సాహసికులకు ఫైరింజను నంబరు కూడా ఇస్తే బాగుండేది. ఇంకొందరు పాత కారు పక్క కిటికీ గాజు తెచ్చి మొదలుపెడతారు. అది టఫెన్డ్ గాజు. లోపల బిగించిన ఒత్తిడి ఒక్కచోట తెగితే పలకంతా పలుకులై రాలుతుంది. పలుకులు బోలెడు వస్తాయి, గుండ్రటిది మాత్రం ఒక్కటీ ఉండదు.

డ్రిల్ బిట్‌ను మరీ ఆడిపోసుకోను. ఒకే కొలతలో చాలా బిళ్ళలు కావాలంటే నా ఓటూ దానికే. కాకపోతే 20 మిల్లీమీటర్ల బిట్ అంటే అది చేసే చిల్లు కొలత. బిళ్ళ దొరికేది గొట్టం లోపల కాబట్టి గొట్టం గోడ మందం రెండు పక్కలా తరుగు పోతుంది, బంగారు కొట్లో లాగా. నీళ్ళు పోస్తూ, నెమ్మదిగా, నొక్కకుండా తిప్పాలి. కరెంటు డ్రిల్లు, నీళ్ళు, తడి చేతులు ఒకే బల్ల మీద చేరితే ఏమవుతుందో ప్రకటనలో రాయరు.

ఇవేవీ లేని రోజుల్లో గుండ్రటి గాజు లేదా? 12వ శతాబ్దపు ఐరోపా సన్యాసి థియోఫిలస్ తన చేతిపనుల గ్రంథంలో కాల్చిన ఇనుముతో గాజును పగలగొట్టి, ఇనుప పనిముట్టుతో అంచును కొరుకుతూ ఆకారం తెచ్చే పద్ధతి రాశాడు. అమెరికాలో శామ్యూల్ మాన్స్ ఉక్కు చక్రం కట్టర్ తెచ్చింది 1869లో. అంతకు ముందే రంగుటద్దాల చర్చి కిటికీలు వందల ఏళ్ళు వెలిగాయి.

అంత దూరం దేనికి, మన లంబాడీ ఆడవాళ్ళ రవికల మీద అద్దాలు చూడండి. ఇలాంటి అద్దాలకు పేరుపడ్డ ఊరు గుజరాత్‌లోని కపడ్వంజ్. పెద్ద గాజు బుడగ ఊది, లోపల పూత పోసి, పగలగొట్టి, ఆ పల్చటి పెంకులను ఆడవాళ్ళు కత్తెరను మాటిమాటికీ తడుపుకుంటూ గుండ్రంగా కొరికేవారు. తడికి కారణం ఉంది. నీరు పగులు కొసకు చేరి అక్కడి బంధాలను బలహీనపరుస్తుంది. ఈ పనితనాన్నే ఇప్పుడు వీడియోల్లో బకెట్లో చెయ్యి ముంచి మందపాటి కిటికీ గాజును కాగితంలా కత్తిరించే మహత్తుగా మార్చి చూపిస్తున్నారు. ఆ పాత అద్దాలు అచ్చమైన వృత్తాలూ కావు. అంచంతా కుట్టు కింద దాగుతుంది. మొజాయిక్‌లో అయితే అతుకు సిమెంటు కింద దాగుతుంది. ఎవరికీ కనబడని ఆ అంచు కోసమే మనవాళ్ళు అర మిల్లీమీటరు కచ్చితత్వాన్ని ఈఎమ్ఐలో కొంటున్నారు.

బట్టీలో గాజు కరిగించేవారికి ఆ బాధా లేదు. చిన్న చదరపు ముక్కను సుమారు 800 డిగ్రీల దాకా కాలిస్తే తలతన్యతే దాన్ని బొట్టులా గుండ్రం చేస్తుంది.

మిగతావారికి ఒక మామూలు కట్టర్, చక్రాల మొజాయిక్ పటకారు, తడిపి రుద్దే సానరాయి చాలు. చదరం కోసి, మూలలు కొరికి, అరగదీయడమే. కళ్ళకు గాగుల్స్ తప్పనిసరి. అమ్మేవారి చాంతాడంత జాబితాలో లేనిది అదొక్కటే. అది విడిగా కొనాలి, డెలివరీ ఛార్జీ అదనం.