ఆకు కట్ట అందుకునే చోటు

ఆలమూరు దగ్గర పల్లెలో ఉండే మా మేష్టారికి జానపదాలంటే ప్రాణం. బళ్ళో సంగీతం చెప్పి రిటైరయ్యాక, విన్న పాటనల్లా సరిగమల్లో రాసి పెడుతున్నారు. నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పోగుచేసి అచ్చువేయబట్టి మన గోదావరి పాటల మాటలు మిగిలాయి. వరసలు మాత్రం పాడేవాళ్ళతోనే పోతున్నాయని మేష్టారి బాధ. నిజమే. వెదజల్లే సాగూ, నాట్ల యంత్రాలూ వచ్చాక సార్వా ఊడ్పుల్లో పాట వినబడడమే అరుదైపోయింది.

పక్కవీధి మామ్మ దగ్గర ఆయనకో ఊడ్పుల పాట దొరికింది. రెండో పాదం చివర ఆవిడ గొంతు ఠక్కున ఆగుతుంది. రెండక్షరాల కాలం ఖాళీ.

"అక్కడెందుకు ఆపుతావు మామ్మా?"

"ఆకు కట్ట అందుకోవద్దా మేష్టారూ!"

కట్టలు ముందే మడిలో అక్కడక్కడా విసిరి ఉంచుతారు. చేతిలోది అయిపోగానే పక్కకి వంగి బురదలోంచి ఇంకోటి తీసుకోవాలి. ఏళ్ళ తరబడి వంగిన నడుములు పాటలో వదిలిన జాగా అది. అంత గొప్ప లయజ్ఞానం నేనే కచేరీలోనూ చూడలేదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక ఖాళీగా ఉన్న బ్యాండు మేళం కుర్రాళ్ళను మేష్టారు పిలిపించారు. రెండు క్లారినెట్లు, ఓ వయొలిన్, ఓ డోలక్. నలుగురికీ నాలుగు కాగితాలు. మొదటి క్లారినెట్‌కి మామ్మ పాట, రెండోదానికి ఆడవాళ్ళ వంత, వయొలిన్‌కి అడుగున షడ్జ పంచమాలు. మామ్మ ఆగినచోట డోలక్‌తో సహా అందరూ ఆగాలి. డోలక్ కుర్రాడి చెయ్యి ఆగనంటుంది. మామ్మనే ఎదురుగా కూర్చోబెట్టి, ఆవిడ వంగి లేచినట్టు చేస్తుంటే చూసి నేర్చుకున్నాడు. ఆ నాలుగు కాగితాలూ మేష్టారు నెట్లో పెట్టి, "మా ఊరి మామ్మ పాట. ఎవరైనా వాయించుకోండి, డబ్బక్కర్లేదు" అని రాశారు.

చాలామంది వాయించారు. ఒక ఆడియో కంపెనీ ఏకంగా ఆల్బమ్‌లోకి ఎక్కించింది. "రచన, వరస: సంప్రదాయం" అని వేసింది. మేష్టారి పేరూ లేదు, మామ్మ ఊసూ లేదు. ఆయన పట్టించుకోలేదు. పాట బతికిందన్నారు, అంతే.

సంక్రాంతికి కువైట్ నుంచి వచ్చిన మనవరాలు, అరుగు మీద మామ్మ పాడుతుంటే ఫోనులో తీసి నెట్లో పెట్టింది. తెల్లారేసరికి నోటీసు. ఈ పాట ఫలానా కంపెనీదట. వీడియో మీద వచ్చే ఆదాయం వాళ్ళకే పోతుందట.

మేష్టారు కూర్చుని అభ్యంతరం రాశారు. 1957 నాటి కాపీరైటు చట్టం రికార్డింగు చేసినవాళ్ళకి ఇచ్చేది ఆ రికార్డింగు మీద హక్కే తప్ప తరాల నాటి వరస మీద కాదని, సంప్రదాయమని మీరే ఒప్పుకున్నారని, ఇది మామ్మ సొంత గొంతని అన్నీ వివరించారు.

అలాంటి అభ్యంతరాన్ని ముందుగా విచారించేది, పాట నాదన్న ఆ కంపెనీయే. నెల తిరక్కుండా జవాబిచ్చింది.

"పరిశీలించాం. మీ వీడియోలో ఉన్నది మా పాటే. రెండో పాదం తర్వాత వచ్చే రెండక్షరాల విరామం మా ఆల్బమ్ కోసం ప్రత్యేకంగా కల్పించినది. పాడిన వృద్ధురాలు దాన్ని ఉన్నదున్నట్టు అనుకరించారు. మీ అభ్యంతరం తిరస్కరించడమైనది."