ముక్కు చక్రానికి మన రిపేరు

ఇంట్లో కట్టుకున్న విమానానికి ముందు చక్రం సరిచేయడానికి పుస్తకం ఎందుకండీ? ట్రాక్టరు ఇరుసు విప్పి బిగించిన చేతులు మనవి. బర్ట్ రుటాన్ డిజైన్ చేయగా 1979లో ఎగిరిన లాంగ్-ఈజీనే తీసుకోండి. ప్రొపెల్లర్ వెనక ఉంటుంది. నడుం కింది రెండు చక్రాలు ముడుచుకోవు, ముక్కు చక్రం మాత్రం పైలట్ హ్యాండిల్ తిప్పితే లోపలికి పోతుంది. మనిషి దిగితే వెనకున్న ఇంజను బరువుకు వెనక్కి వాలుతుందని, దాన్ని ముక్కు నేలకానించి మేత మేసే గొడ్డులా నిలబెడతారు.

ముందు లాకు సంగతి. ముడుచుకునే చక్రాల్లో చాలావాటికి, చక్రం దిగాక దాన్ని ఆపే కడ్డీలు తిన్నగా ఒక గీతకు వచ్చి, ఆ గీతను పిసరంత దాటాలి. అప్పుడు బరువు పడేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. ఆ పిసరు కోసం భుజం నొప్పి ఎవడు పడతాడు? గీతకు ఇవతలే ఆపండి. హ్యాండిల్ వెన్నలా తిరుగుతుంది. నేల తగలగానే చక్రమూ అంతే హాయిగా ముడుచుకుంటుంది.

చక్రం పక్కలకు తిరిగేచోట కొంత రాపిడి లేకపోతే పరుగులో అది వణికిపోతుంది. దీన్నే షిమ్మీ అంటారు. స్ప్రింగు త్రాసు తగిలించి పక్కకు లాగి, ముల్లు చూసి నట్టు బిగించమంటారు పెద్దలు. త్రాసు చెనిక్కాయల కళ్ళంలో ఉంది, అంత దూరం పోకండి. వేలితో తొయ్యండి. గిర్రున తిరిగితే శుభం.

గ్రీజు దండిగా పుయ్యండి, పాతది మాత్రం తుడవకండి. ఆషాఢం గాలికి లేచిన ఎర్రమట్టి అందులో కలిసి గేరు పళ్ళకు సాన పడుతుంది.

పైలట్ కాళ్ళ మధ్య చిన్న అద్దం ఉంటుంది, చక్రం దిగిందో లేదో వంగి చూసుకోవడానికి. సద్ది క్యారియరుకు అంతకన్నా మంచి చోటు లేదు. చక్రం దిగలేదని కూసే హారన్ ఉంటే వైరు పీకండి, తినేటప్పుడు చికాకు.

పుట్టపర్తిలో 1990 నుంచి తారు రన్‌వే ఉంది. అయినా పక్కనే బుక్కపట్నం చెరువు ఎండిన ఏడు అంత మైదానం ఊరికే పోనిస్తామా? ముక్కు చక్రం లేపిన గులకరాళ్ళు తిన్నగా వెనకున్న చెక్క ప్రొపెల్లర్‌కే తగులుతాయి. అంచు ఎలుక కొరికిన జొన్నరొట్టెలా తయారైతే రంగు వేయండి.

ముక్కు నేలకు రాసుకోకుండా అమెరికాలో కొందరు కింద ఐస్ హాకీ ఆడే రబ్బరు బిళ్ళ బిగిస్తారు. అనంతపురంలో ఐస్ హాకీ యాడుంది? పాత చెప్పు మేకులతో కొట్టండి. పైన చెప్పినట్టే చేసుంటే జత కొనిపెట్టుకోండి, రెండోదీ పడుతుంది.